గట్టు దాకా

మా బేస్‌మెంట్‌లో అద్దెకుండే అమ్మాయిల్లో ఒకతె మ్యాపుల చదువు చదువుతోంది. "మ్యాపులు చూడటానికి కూడా కాలేజీ కావాలటే?" అని మొదట్లో ఏడిపించేదాన్ని. గోదావరి వైపు పిల్ల. పొద్దున క్లాసులు, మధ్యాహ్నం నుంచి కాఫీ షాపులో పార్ట్‌టైమ్. దేశం కాని దేశంలో, మేముండే ఈ ఒషావా చలికి ముక్కు ఎర్రబడి ఇంటికొస్తే నేను పైకి పిలిచి ఇంత వేడన్నం పెడతాను. వద్దండీ వద్దండీ అంటూనే రెండోసారి వడ్డించుకుంటుంది. మా మనవడు అమ్మమ్మా అంటాడని తనూ నన్ను అమ్మమ్మగారూ అంటుంది. వాడికి తెలుగులో వచ్చేది ఆ ఒక్క పిలుపే, తక్కినదంతా ఇంగ్లీషు.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ పిల్ల మా డైనింగ్ టేబుల్ నిండా కాగితాలు పరిచింది. ఐర్లండ్‌లో టౌన్‌ల్యాండ్‌లని ఉంటాయట. పేరుకు టౌనే గానీ ఊరు కాదు, కొన్ని పొలాలు కలిస్తే ఒకటి. ఒక్కోదానికి ఒక పేరు, ఒక హద్దు. పాత మ్యాపులు చూసి ఆ హద్దులు ఇప్పుడు ఎక్కడున్నాయో కనిపెట్టి కంప్యూటర్‌లో గీయాలి, అదీ ప్రాజెక్టు. మా పక్కింటి ముసలావిడ పూర్వీకులు ఆ దేశం వాళ్లే. ఈ పిల్ల చదువు సంగతి విని, వాళ్ల ముత్తాత రాసిన ఉత్తరం ఒకటి జిరాక్సు తీయించి ఇచ్చింది. చిక్కంతా ఆ ఉత్తరంతోనే వచ్చింది.

"మా భూమి డిచ్ దాకా అని రాశాడండీ ఈయన. డిచ్ అంటే కాలవే కదా? ఎంత వెతికినా అక్కడ కాలవ లేదు అమ్మమ్మగారూ. ఉన్న కాలవ దగ్గర గీత గీస్తే పక్కవాళ్ల టౌన్‌ల్యాండ్‌లోకి వెళ్లిపోతోంది" అని తల పట్టుకుంది.

సరిగ్గా అప్పుడే పక్కింటావిడ తను చేసిన రొట్టె పట్టుకుని వచ్చింది. సంగతి విని పకపకా నవ్వింది. మావాళ్లు డిచ్ అనేది గుంటను కాదమ్మాయ్, మట్టి ఎత్తుగా పోసిన కట్టను, అని చెప్పింది. ఇంగ్లీషు వాళ్లకు డిచ్ అంటే తవ్వినది, మా తాతలకు డిచ్ అంటే పోసినది, ఆ ఒక్క మాట మీద ఎన్ని తగాదాలో, అంది.

పిల్ల నెత్తి కొట్టుకుంది. "అయ్య బాబోయ్! అంటే గట్టు! మన పొలం గట్టండీ అమ్మమ్మగారూ!"

నేను టీ కప్పుల ట్రే పట్టుకుని వంటింటి గుమ్మంలో ఉన్నాను.

"గట్టంటే కొండ గదే" అన్నాను.

"మీకు కొండేమో. మాకు గట్టంటే గట్టే. చేనుకీ చేనుకీ మధ్యన నడుస్తాం చూడండి, అది."

"దాన్ని గెనిమ అంటారు."

"గెనిమా? అదేం మాటండీ!" అని ఆ పిల్ల నవ్వింది. ఏమీ అర్థం కాకపోయినా పక్కింటావిడ కూడా నవ్వింది. నేను ట్రే కింద పెట్టి కుర్చీలో కూలబడ్డాను. టీ ఎవరు పోశారో, ఎవరు తాగారో నాకు తెలియదు.

గట్టు అనే మాటకు రెండు అర్థాలున్నాయని నాకు తెలియక కాదు. కోస్తా వాళ్లతో నలభై ఏళ్లుగా కలిసి మెలిసి ఉన్నదాన్ని. గట్టు మీద కూర్చున్నామంటే కొండ ఎక్కి కూర్చున్నారని నేనేం అనుకోను. కానీ ఆ అర్థాన్ని తీసుకుపోయి, నా పదో ఏట ఒక ఎండ పూట నేనన్న మాట పక్కన పెట్టి చూడాలని ఏనాడూ తోచలేదు. ఆ పూట సంగతి నేను తలుచుకోకుండా దాచిపెట్టుకున్నాను కాబట్టి.

మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, మా ఊరి హద్దులు తెలిసిన మనిషి. కరణం దగ్గర పుస్తకాలుండేవి, మా జేజినాయన దగ్గర కాళ్లుండేవి. ఏ రాయి నుంచి ఏ రాయికి ఎన్ని అడుగులో, ఏ వాగు, ఏ వంక దగ్గర హద్దు వంగుతుందో, పక్క ఊరి చేను ఎక్కడ మొదలవుతుందో ఆయన నడిచి చూపించేవాడు. తగాదా వస్తే చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు కూడా ఆయన్నే పిలిచేవారు. ఆయన స్నానం చేసి, ఆ చేలోనిదే ఒక మట్టిపెళ్ల తీసి నెత్తిన పెట్టుకుని, నోరు తెరవకుండా నడిచేవాడు. నెత్తిన మన్ను పెట్టుకుని తప్పు నడిస్తే ఆ మన్నే మింగుతుందని నమ్మకం. ఆయన నడిచిన చోట గీత పడేది. రెండు పక్షాల వాళ్లూ ఆ గీతకు ఒప్పుకుని ఇళ్లకు పోయేవారు.

మా నాయనకు ఆ పని మీద మనసు లేదు. ఇంట్లో మగపిల్లలు లేరు. అందుకని జేజినాయన నన్ను వెంటేసుకుని తిరిగాడు. "ఆడపిల్లకెందుకు ఈ రాళ్లూ రప్పలూ" అని మా జేజి గొణిగేది. గొణుగుతూనే సద్దిమూట కట్టేది. జొన్నరొట్టెలు, చెనిక్కాయలు నూరిన ఊరిబిండి పచ్చడి, నంజుకోవడానికి ఒక ఎర్రగడ్డ. ఆ మూట వాసన దారంతా నా ముక్కులోనే ఉండేది. రెండో రాయి దాటకముందే "జేజినాయనా, ఆకలైతాంది" అనేదాన్ని.

"ఇంగా రొట్టె చల్లారనే లేదు, అప్పుడే ఆకలా నీకు? కడుపా చెరువా అది?" అనేవాడు.

ఒక్కో రాయి దగ్గర ఆగి, దాని మీద నా చెయ్యి పెట్టించి, నా చెవి పట్టుకుని గట్టిగా మెలిపెట్టేవాడు. కళ్లలో నీళ్లు తిరిగేవి. వెంటనే పంచె మడతలోంచి బెల్లం ముక్క తీసి నోట్లో పెట్టేవాడు.

"నొప్పి గుర్తుంటాది, తీపి గుర్తుంటాది. రాయీ గుర్తుంటాది" అనేవాడు.

నేను దానికి కూడా ఒక ఉపాయం కనిపెట్టాను. తెలిసిన రాయి దగ్గరే మరిచిపోయినట్టు బిక్కమొహం పెట్టేదాన్ని. మళ్లీ చెవి, మళ్లీ బెల్లం. మూడోసారికి ఆయన నవ్వి, "దొంగముండా, నీకు రాయి తెల్సు" అని చెవి మెలిపెట్టి బెల్లం తనే తినేసేవాడు.

ఉత్తరం వైపు ఆఖరి హద్దు గట్టు. నేలలోంచి తన్నుకొచ్చినట్టుండే నల్లరాళ్ల కొండ, దాని అవతల అడవి. గట్టు మొదట్లో తంగేడు పొదల మధ్య ఒక రాయి. దానికి ఇటు పక్క ఒక చేను, చేనుకు ఇటు చివర వాన నీళ్లు ఆపడానికి పోసిన పెద్ద గెనిమ. ఆ చేను ఒక అవ్వది. మొగుడూ పిల్లలూ లేని మనిషి. కొర్రలు, నువ్వులు వేసేది. అక్కడే గుడిసె వేసుకుని ఉండేది. మేము వెళ్లే వేళకు పెనం మీద నువ్వులు వేయించి, బెల్లంతో దంచి, నా రెండు చేతుల్లో పోసేది. ఆ వేడికి అరచేతులు చురుక్కుమనేవి. "అన్నా, నా చేను యాడికి పోదు గదా?" అని ప్రతిసారీ జేజినాయనను అడిగేది. అడగడం ఆమెకు ఒక సరదా. "గట్టు యాడికన్నా లేచిపోతే నీ చేనూ పోతాది" అని ఆయన చెప్పడం ఆయనకు సరదా.

ఆ ఎండాకాలం కొత్తగా సర్వే చేయడానికి ఆఫీసరు వచ్చాడు. జేజినాయన రావాలని కరణం కబురు చేశాడు. ఆయనకేమో అప్పుడే పాదానికి నారికురుపు లేచింది. కాలు గుమ్మడికాయంత వాచింది. కురుపులోంచి దారంలా వచ్చే పురుగును పుల్లకు చుట్టుకుంటూ రోజుకింత బయటికి లాగుతూ మంచం మీద ఉన్నాడు. నన్ను పిలిచి దగ్గర కూర్చోబెట్టుకున్నాడు.

"నువ్వే పోవల్ల అమ్మే. నీకు అన్నీ తెల్సు. నెత్తిన పెళ్ల పెట్టుకో. గట్టు రాయి దాకా నడిచి, దాని మింద చెయ్యి పెట్టి చూపీ. అంతవరకూ పెళ్ల దించగాకు."

నా గర్వం చెప్పనలవి కాదు. పదేళ్ల పిల్లను, నెత్తిన మట్టిపెళ్ల, వెనక కరణం, ఆఫీసరు, కొలిచే గొలుసు పట్టుకున్న ఇద్దరు మనుషులు. మా ఊరి పిల్లలందరూ చూస్తుండగా నడిచాను. మూడు వైపులా ఒక్క రాయి తప్పలేదు. ఎండ పెరిగేసరికి కరణం, "పాప చూపిస్తాదిలెండి" అని చెప్పి చావడికి వెళ్లిపోయాడు.

అవ్వ చేను మొదట్లో, గెనిమ ఇటుపక్కన ఆఫీసరు తన మూడుకాళ్ల దుర్భిణి నిలబెట్టాడు. బెజవాడ దిక్కు మనిషి, నెమ్మదస్తుడు. నేను గుడ్లప్పగించి ఆ దుర్భిణినే చూడటం గమనించి, "చూస్తావా అమ్మాయ్?" అన్నాడు.

చూడకుండా ఉండగలనా! కానీ నెత్తిన పెళ్ల ఉంటే వంగడానికి లేదు. ఒక్క నిమిషం అనుకుని పెళ్ల దించి కింద పెట్టాను. అద్దంలో కన్ను పెట్టాను. అబ్బ! గట్టు తలకిందులుగా వేలాడుతోంది. ఆకాశం కింద, నేల పైన. అవ్వ తన గుడిసె ముందు తలకిందులుగా నిలబడి చేటతో చెరుగుతోంది. నాకు నవ్వాగలేదు. ఎంతసేపు చూశానో!

"హద్దు ఎందాకా అమ్మాయ్, గట్టు దాకానేనా?" అని ఆయన నా వెనక నుంచి అడిగాడు.

"ఊఁ, గట్టు దాకా సార్" అన్నాను, కన్ను తీయకుండానే.

"ఖాయమేగా?"

"మా జేజినాయన చెప్పినాడు సార్. గట్టే హద్దు."

ఆయన రాసుకున్నాడు. నా చేతిలో రెండు పిప్పరమెంట్లు పెట్టి, ఇక ఇంటికి వెళ్లమన్నాడు. గొలుసు మనుషులు జెండా కర్ర ఎక్కడ పాతారో నేను వెనక్కి తిరిగి చూడలేదు. రాయి దాకా నడవాలంటే చేను దాటి పోవాలి, ఎండ మాడుతోంది, నోట్లో పిప్పరమెంటు ఉంది. ఆఫీసరే చాలన్నాక ఇంకేమిటని ఇంటికి పరిగెత్తాను.

జేజినాయన మంచం మీద లేచి కూర్చుని ఉన్నాడు.

"గట్టు రాయి దాకా పోయినావా?"

"పోయినా."

"చెయ్యి పెట్టి చూపిచ్చినావా?"

"చూపిచ్చినా."

"పెళ్ల దించలేదు గదా?"

"దించలే."

ఆయన నన్ను దగ్గరికి లాక్కుని నా నెత్తిన అంటిన మట్టి దులిపాడు. ఆ రోజు చెవి మెలిపెట్టకుండానే బెల్లం ఇచ్చాడు.

వానలు పడి, కొర్ర మొలకెత్తాక అడవి గార్డులు వచ్చి అవ్వను చేను దిగమన్నారు. కొత్త మ్యాపులో ఊరి హద్దు గెనిమ దగ్గరే ఆగిపోయింది. గెనిమకూ గట్టుకూ మధ్య ఉన్నదంతా అడవి కింద రాశారు. సర్కారు కొలత తప్పదంటూ కరణం ఆ కాగితం తెచ్చి చావడిలో పరిచాడు. ఊరంతా చేరింది. జేజినాయన కర్ర పట్టుకుని కుంటుకుంటూ వచ్చాడు. నేను ఆయన పంచె పట్టుకుని నిలబడ్డాను.

"నువ్వు చూపిచ్చిందే తప్పయితే నాకు ముందే చెప్పిండొచ్చు గదన్నా" అంది అవ్వ. కేకలు వేయలేదు, తిట్టలేదు. మామూలుగానే అడిగింది.

ఎవరో వెనక నుంచి, "చిన్నపిల్లను పంపిస్తే ఇట్లే అయితాది" అన్నారు.

జేజినాయన కర్ర నేలకేసి కొట్టాడు. "పాపను ఒక్క మాట అనొద్దండి. అది రాయి మింద చెయ్యి పెట్టి చూపిచ్చింది. నెత్తిన మన్నుతో నడిచింది. అబద్ధమాడదు. నేను దానికి నేర్పిందే తప్పయ్యుంటాది."

అప్పుడు నోరు తెరిస్తే సరిపోయేది. లేదు జేజినాయనా, నేను రాయి దాకా పోలేదు, అన్న ఒక్క మాట. పిల్ల అక్కడికి పోనే లేదంటే, ఆఫీసరు వేరే ఏదో అనుకున్నాడని పెద్దవాళ్లు ఇట్టే పట్టేసేవారు. అర్జీ పెట్టేవారు, మళ్లీ కొలిపించేవారు. నేను ఆయన పంచె కొస నోట్లో పెట్టుకుని నమిలాను. అది గంజి వాసన వేసింది. ఆ వాసన నాకిప్పటికీ పడదు.

అవ్వ తన పెనమూ, చేటా మూట కట్టుకుని ఎవరో చుట్టాల ఊరికి వెళ్లిపోయింది. వెళ్లేముందు మా ఇంటి ముందు నుంచే నడిచింది, లోపలికి మాత్రం తొంగిచూడలేదు.

అప్పటి నుంచి జేజినాయన పొద్దున లేస్తే గట్టుకు పోయేవాడు. రాయిని చూసేవాడు, గెనిమ దాకా నడిచి వచ్చేవాడు, మళ్లీ రాయి దగ్గరికి పోయేవాడు. "మా నాయన నాకు ఏది చూపిచ్చినాడబ్బా?" అని తనలో తను అనుకునేవాడు. ఒక రాయి మీద అనుమానం పుడితే తక్కిన రాళ్లన్నీ అనుమానమే అయిపోయాయి. తూర్పు హద్దులో చిన్నపిల్లకు కూడా తెలిసిన రాయి దగ్గర నిలబడి నన్ను అడిగేవాడు, ఇదేనా అమ్మే, అని. "ఇదే జేజినాయనా, నీకు తెల్సు గదా" అనేదాన్ని. ఆయన నా చెవి పట్టుకునేవాడు కాదు. బెల్లం తేవడమే మానేశాడు.

మరుసటి ఏడు పక్క ఊరి పెద్దలిద్దరు ఏదో వంక పక్క చేల హద్దు తగాదా తీర్చమని వచ్చారు. జరిగింది వాళ్లకు తెలియక కాదు, అయినా ఆయన మీద గౌరవం పోలేదు. జేజినాయన స్నానం చేశాడు. పెళ్ల నెత్తిన పెట్టుకున్నాడు. పది అడుగులు వేశాడు. ఆగాడు. అటు చూశాడు, ఇటు చూశాడు. అంతమంది చూస్తుండగా పెళ్ల దించి నేల మీద పెట్టి, "నాకు నమ్మకం లేదు నాయనా. కరణం కాయితం చూసుకోండి" అన్నాడు. వాళ్లు తలలు వంచుకుని నిలబడ్డారు. ఆయన నా భుజం పట్టుకుని ఇంటికి నడిచాడు. ఆ రోజు ఆయన చెయ్యి బరువుగా ఉంది. అంత పొడుగు మనిషి నా మీద ఆనుకుని నడిచాడు.

ఇంటి ముందు అరుగుకట్ట మీద కూర్చున్నాక అడిగాడు.

"తల్లీ, ఒక మాట చెప్పు. నువ్వు ఆఫీసరుకు చూపిచ్చింది గట్టు కిందుండే తంగేడు చెట్ల రాయే గదా?"

చుట్టూ ఎవరూ లేరు. ఆయన గొంతులో కోపం లేదు. నిజం నాలుక చివరిదాకా వచ్చింది.

"అదే" అన్నాను.

"అయితే నా తలకాయే చెడిపోయింది" అన్నాడు. అని, పరవాలేదులే అన్నట్టు నా వీపు తట్టాడు.

ఆ తర్వాత ఆయన హద్దుల మాట ఎత్తలేదు. చూడ్డానికి వచ్చిన వాళ్లకు, "నాకేం గుర్తుండదు నాయనా, అడగొద్దండి" అని ముందే చెప్పేవాడు. నిజంగా అన్నీ గుర్తున్నాయి ఆయనకు. రెండేళ్లకు పోయాడు.

ఇదంతా నేను ఆ గోదావరి పిల్లకు చెప్పాను, పక్కింటావిడ వెళ్లిపోయాక. నా కూతురికి కూడా చెప్పని సంగతి. ఆ పిల్ల ల్యాప్‌టాప్ మూసేసి నా చెయ్యి పట్టుకుంది.

"మీరు కరెక్టుగానే చెప్పారు కదండీ. ఆ ఆఫీసరు గట్టంటే పొలం గట్టనుకున్నారు, మీరు గట్టంటే కొండనుకున్నారు. ఇద్దరిదీ తప్పు కాదు. అప్పుడు మీరు పదేళ్ల పిల్ల అమ్మమ్మగారూ, వదిలేయండి."

"వదిలేయడానికి అదొక్కటే అయితే వదిలేద్దును. ఇంటికొచ్చి అబద్ధం చెప్పాను గదే."

"భయమేసిందా? కొడతారనా?"

"ఆయన నన్నెప్పుడు కొట్టాడే? చెవి మెలిపెట్టడం తప్ప."

"మరెందుకు చెప్పలేదండీ?"

నాకు కోపం వచ్చింది, ఆ పిల్ల మీద కాదు. ఇన్నేళ్లుగా నన్ను నేను అడుక్కోని ప్రశ్న అది. అబద్ధమాడదు అని ఆయన ఊరందరి ముందు నా గురించి అన్నాడు. అంత మంచి మాట నా గురించి అంతకుముందు ఎవరూ అనలేదు, ఆ తర్వాత కూడా ఎవరూ అనలేదు. అది పోగొట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది. అంతే. దాన్ని దాచుకోవడం కోసం, ఆయన మీద ఆయనకున్న నమ్మకాన్ని పోనిచ్చాను.

"అంటే మీ తాతగారికి మతిమరుపేం లేదన్నమాట" అంది ఆ పిల్ల మెల్లగా.

"లేదమ్మా. ఒక్క రాయి కూడా మరిచిపోలేదు" అన్నాను.

ఇప్పుడు ఎవరు అడిగినా చెప్పగలను ఆ మాట. పరాయి దేశంలో, పరాయి పిల్లకు చెప్పగలిగాను. వినవలసిన వాడు కట్ట మీద నా పక్కనే కూర్చుని అడిగినప్పుడు చెప్పలేదు.